ఫుట్‌పెగ్‌ల మీద నిలబడే బరువు

(హైదరాబాద్‌లో ఆఫ్‌రోడ్ రైడర్ల కూటమిలో చేసిన ప్రసంగానికి రాత రూపం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున రైడ్ మానుకుని ఇక్కడికి వచ్చారంటే రైడర్ ఒంటి బరువు తగ్గితే ఆఫ్‌రోడ్‌లో, అంటే రోడ్డు లేని మట్టి, రాళ్ల దారుల్లో, ఏం మారుతుందన్న విషయం మీకు నిజంగానే పట్టిందన్నమాట. అందుకే ఉపోద్ఘాతం లేకుండా లెక్కతో మొదలుపెడతాను.

ఇక్కడ చాలామంది దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి హిమాలయన్ 450 ఉంది. పెట్రోల్‌తో సహా దాని బరువు కంపెనీ చెప్పిన ప్రకారం 196 కిలోలు. దాని మీద 95 కిలోల మనిషి ఎక్కాడనుకుందాం. హెల్మెట్, జాకెట్, మోకాలి గార్డులు, బూట్లు, వీపున నీళ్ల బ్యాగు, అన్నీ కలిపి ఇంకో 12 కిలోలు వేసుకోండి. మొత్తం 303. అదే మనిషి 80 కిలోలకు దిగితే 288. ఇంజిన్ మాత్రం అదే 40 హార్స్‌పవర్. అంటే ఒక్కో కిలోకు అందే శక్తి పెరిగింది 5 శాతం. ఎక్స్‌పల్స్ 200 లాంటి బండి అయితే బరువు 160 కిలోల దగ్గర ఉంటుంది కాబట్టి లాభం 6 శాతం దాకా వస్తుంది. నిట్టనిలువు ఎత్తు ఎక్కేటప్పుడు, రెండో గేర్‌లో లాగుతుందా, ఒకటికి దించాలా అన్న చోట ఆ తేడా తెలుస్తుంది. మామూలు మట్టిరోడ్డు మీద పెద్దగా తెలియదు.

ఈ 5 శాతం కోసం మనం బండి మీద ఎంత ఖర్చు పెడతామో చూడండి. సైలెన్సర్ మారిస్తే రెండు మూడు కిలోలు తగ్గుతాయి. లిథియం బ్యాటరీ వేస్తే ఇంకో కిలో, రెండు కిలోలు. వెనక గ్రాబ్ రెయిల్ తీసేస్తాం, సెంటర్ స్టాండ్ ఉంటే తీసేస్తాం. తప్పని అనను, బండి మీద ప్రేమ ఉన్నవాళ్లు చేస్తారు. కానీ ఎంత చేసినా పది కిలోలు దించడం కష్టం. 17 లీటర్ల ట్యాంకులో నిండా పోసిన పెట్రోల్ బరువే 12, 13 కిలోలు ఉంటుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఇసుకలో బండి ఎలా ఊగుతుందో, ట్యాంకు అడుగంటాక ఎంత తేలికగా తిరుగుతుందో మీకందరికీ అనుభవమే.

ఇప్పుడు రెండో లెక్క. మనిషి దమ్ము కొలవడానికి ఒక పద్ధతి ఉంది. బాగా కష్టపడుతున్నప్పుడు శరీరం నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో చూసి, దాన్ని బరువుతో భాగిస్తారు. మన మనిషికి అది 3 లీటర్లు అనుకుందాం. 95 కిలోలు ఉన్నప్పుడు కిలోకు 31.6 మిల్లీలీటర్లు వస్తుంది. 80 కిలోలు ఉన్నప్పుడు 37.5. గుండె, ఊపిరితిత్తులు ఇంతకుముందులాగే ఉన్నా, కొవ్వు మాత్రమే తగ్గితే, దాదాపు 19 శాతం తేడా. బండికి 5, మనిషికి 19. నేను ఈరోజు చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. బరువు తగ్గితే బండి కొంచెం చురుగ్గా లాగుతుంది, అది నిజమే, కానీ చిన్న సంగతి. మనం ఎక్కువసేపు సరిగ్గా నడపగలుగుతాం, అదీ అసలు లాభం.

ఎందుకంటే రోడ్డు మీద మన బరువు సీటు మోస్తుంది. ఆఫ్‌రోడ్‌లో మన బరువు మనమే మోయాలి. పాతిక కిలోల బియ్యం బస్తా తీసుకుని వెనక సీటుకు తాళ్లతో కట్టండి, బండి ఎలాగో లాక్కుపోతుంది. అదే బస్తాను మీ వీపుకు కట్టుకుని, ఫుట్‌పెగ్‌ల (కాళ్లు పెట్టుకునే కడ్డీల) మీద నిలబడి, రాళ్ల వాగులో ఒక కిలోమీటరు నడిపి చూడండి. తొడలు మండిపోతాయి. ఒంట్లో ఎక్కువైన బరువు రెండో రకం బస్తా. దాన్ని దించే వీలుండదు కాబట్టి దాని సంగతే మనకు గుర్తుండదు.

నిలబడి నడపడం గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి. నిలబడితే గురుత్వ కేంద్రం కిందికి దిగుతుందని చాలాచోట్ల చెబుతుంటారు. అది సరికాదు. కూర్చున్న మనిషి లేచి నిలబడితే శరీరం పైకే కదా వెళ్లేది. లాభం ఇంకోచోట ఉంది. కూర్చున్నప్పుడు మన ఒళ్లు, బండి ఒకే ముద్దలా కదులుతాయి. వెనక చక్రం రాయెక్కితే సీటు మనల్ని ఎగరేస్తుంది, మనం తిరిగి సీటు మీద పడ్డప్పుడు ఆ బరువంతా సస్పెన్షన్ (కుదుపులు మింగే స్ప్రింగులు) మీద పడుతుంది. నిలబడినప్పుడు మోకాళ్లు, చీలమండలు, నడుము మడతపడుతూ ఆ దెబ్బను మింగేస్తాయి. బండి మన కింద ఎటు కావాలంటే అటు ఊగుతుంది, తల మాత్రం నిలకడగా ఉంటుంది. చూపు దూరంగా వేయగలుగుతాం. అంటే మన కాళ్లే రెండో సస్పెన్షన్. ఆ సస్పెన్షన్ మీద పదిహేను కిలోలు తగ్గించామంటే, ప్రతి గుంటకూ, ప్రతి రాయికీ, రోజంతా ఆ తేడా వస్తూనే ఉంటుంది.

మోకాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కీళ్ల అరుగుదల ఉన్న, బరువు ఎక్కువగా ఉన్న పెద్దవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. ఒక కిలో తగ్గితే, నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని అందులో తేలింది. అది నడక లెక్క, బండి లెక్క కాదు. కానీ మోకాలు వంచి నిలబడి గుంటలు దాటే పనిలో భారం ఎటు పోతుందో ఊహించుకోవచ్చు. నలభై దాటి "మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఇక కూర్చునే నడుపుతాను" అంటున్న స్నేహితులకు నేను ముందు చెప్పేది ఇదే.

ఇక పొట్ట. దీన్ని గురించి మాట్లాడటానికి మొహమాటం అక్కర్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఏం చేయాలి? నడుము దగ్గర వంగి, ఛాతీని హ్యాండిల్‌బార్ మీదికి తేవాలి, లేకపోతే ముందు చక్రం లేస్తుంది. దిగేటప్పుడు ఏం చేయాలి? తుంటిని సీటు వెనక్కి తోసి, చేతులు చాపి, పొట్ట సీటుకు దాదాపు తగిలేంత కిందికి వెళ్లాలి. రెండింటికీ నడుము దగ్గర మడత పడాలి. పొట్ట అడ్డొస్తే ఆ మడత పూర్తిగా పడదు. అప్పుడు వీపు వంచుతాం, మెడ పైకెత్తుతాం, చేతులతో లాక్కుంటాం. దీన్ని చూసి శిక్షణ ఇచ్చేవాళ్లు "పొజిషన్ తప్పు" అంటారు. ఆ రైడర్‌కు పొజిషన్ తెలుసు, ఒళ్లు అక్కడిదాకా పోవడం లేదు. అందుకే వేయింగ్ మెషీన్ మీద అంకె కంటే నడుము చుట్టుకొలతను చూసుకోమంటాను. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలని డాక్టర్లు చెబుతారు. రైడర్‌కు ఆ టేపు చెప్పే మాట గుండె గురించే కాదు, బండి మీద ఎంత కదలగలడన్న దాని గురించి కూడా.

చేతుల దాకా వచ్చాం కాబట్టి అదీ చూద్దాం. మీలో ఎంతమందికి గంటసేపు గట్టిగా నడిపాక ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి, వేళ్లు క్లచ్ లాగలేని స్థితికి వచ్చాయి? చూశారా, సగానికి పైగా చేతులు లేచాయి. దీన్ని ఆర్మ్ పంప్ అంటాం. చాలామంది గ్రిప్పులు మారుస్తారు, లీవర్లు మారుస్తారు, చేతులకు ఎక్సర్‌సైజ్ చేస్తారు. అవి కొంత పనిచేస్తాయి. కానీ ఎక్కువసార్లు జబ్బు చేతుల్లో ఉండదు, కాళ్లలో ఉంటుంది. తొడలు అలిసిపోగానే మనకు తెలియకుండానే హ్యాండిల్‌బార్ పట్టుకుని వేలాడటం మొదలుపెడతాం. థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఇచ్చిన ప్రతిసారీ వెనక్కి జారకుండా చేతులతో పట్టుకుంటాం. నున్నగా తిప్పాల్సిన థ్రాటిల్ కుదుపులతో తిరుగుతుంది. ముందు బ్రేక్ ఒక వేలితో నొక్కాల్సింది గుప్పెటతో నొక్కేస్తాం, అనంతగిరి దగ్గర తడిసిన ఎర్రమట్టిలో అలా నొక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాళ్లు మోసే బరువు తగ్గితే కాళ్లు ఆలస్యంగా అలిసిపోతాయి, చేతులకు పని తగ్గుతుంది, వేళ్లు తమ పని తాము చేసుకుంటాయి. నా బరువు 96 నుంచి 81కి వచ్చాక నాకు అన్నిటికంటే ముందు తెలిసిన మార్పు వేగం కాదు, సాయంత్రానికి కూడా క్లచ్ మెత్తగా వదలగలగడం.

ఇది శ్రమేనా, కూర్చుని నడిపేదానికి దమ్మెందుకు అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. కెనడాలోని యార్క్ యూనివర్సిటీ పరిశోధకులు సరదాగా ఆఫ్‌రోడ్ నడిపే మామూలు రైడర్లకు కొలత పరికరాలు తగిలించి చూశారు, 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. విశ్రాంతిగా ఉన్నప్పటి కంటే దాదాపు ఆరు రెట్లు ఆక్సిజన్ వాడుతున్నారని తేలింది. మెల్లగా పరుగెత్తడానికి దగ్గర్లో ఉన్న శ్రమ అది. పోటీల్లో అయితే ఇంకా ఎక్కువ. ఫిన్లాండ్‌లో మోటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద బైకు పందెం) రైడర్లను పరిశీలిస్తే, వాళ్ల గుండె గరిష్ఠ వేగంలో 90 శాతానికి పైనే కొట్టుకుంటోంది. డాకర్ ర్యాలీలో రోజుకు వందల కిలోమీటర్లు, దాదాపు రెండు వారాలు నడుపుతారు. 2015లో మన బెంగళూరు రైడర్ సి.ఎస్. సంతోష్ ఆ ర్యాలీని పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యాడు. 2024లో కేరళ కుర్రాడు హరిత్ నోవా ర్యాలీ 2 క్లాస్‌లో గెలిచి, బైకులన్నిటిలో 11వ స్థానంలో నిలిచాడు. అలాంటి ర్యాలీలో రెండో వారం కూడా నిలబడి నడపాలంటే ఒంటిని ఎంత సిద్ధం చేసుకోవాలో ఆలోచించండి. మనకు డాకర్ అక్కర్లేదు. మారేడుమిల్లి వైపు ఒక రోజంతా తిరిగి, ఆఖరి గంటలో కూడా పొద్దున్నంత తెలివిగా నడపగలిగితే చాలు. (మధ్యలో ఒక మాట. అటు వెళ్లినప్పుడు రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా బండి దించకండి. ఊళ్ల మధ్య మట్టిబాటలు మనకు చాలినన్ని ఉన్నాయి.)

ఆఖరి గంట అన్నాను కదా. నేను చూసినంతలో ఎక్కువమంది పడేది కష్టమైన చోట కాదు. కష్టమైనదంతా దాటాక, సాయంత్రం తిరుగు దారిలో, సులువైన మలుపులో పడతారు. అలిసిన మనిషి కూర్చుంటాడు, చూపు ముందు చక్రం మీదికి దించుతాడు, గుంతను ఆలస్యంగా చూస్తాడు. నీళ్లు తాగడం మర్చిపోతాడు. అలసట ముందు ఒంటిని కాదు, నిర్ణయాన్ని తింటుంది.

పడ్డాక బండి లేపడం ఉంది. 196 కిలోల బండి పక్కకు పడుకుని ఉంటే, వీపు బండికి ఆనించి, తుంటి సీటుకు తగిలేలా కిందికి కూర్చుని, ఒక చెయ్యి హ్యాండిల్‌బార్ మీద, ఇంకో చెయ్యి వెనక ఫ్రేమ్ మీద వేసి, కాళ్లతో వెనక్కి తోస్తూ లేపాలి. నడుముతో లాగితే నడుము పోతుంది. ఈ పద్ధతి అందరికీ నేర్పుతారు. కానీ అంత కిందికి కూర్చుని లేవాలంటే ముందు మన ఒంటినే మనం లేపగలగాలి. మూడోసారి పడ్డాక ఎవరు నవ్వుతూ లేపుతున్నారో, ఎవరు రాయి మీద కూలబడిపోతున్నారో చూస్తే తేడా తెలిసిపోతుంది. పడటంలో కూడా అంతే. బరువైన ఒళ్లు మణికట్టు మీద, భుజం మీద పడ్డప్పుడు దెబ్బ ఎక్కువ.

మన ఎండల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం మన ఊరిది కాదు. మార్చి నుంచే ఇక్కడ జాకెట్, గార్డులు వేసుకుని నిలబడితే చెమట కారిపోతుంది. చర్మం కింద కొవ్వు పొర మందంగా ఉంటే ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోవడం కష్టమవుతుంది, బరువు ఎక్కువ కాబట్టి పుట్టే వేడీ ఎక్కువే. బరువు తగ్గినవాళ్లు వేసవి రైడ్‌లను కొంచెం తేలికగా తట్టుకుంటారు. అయితే తేలిక కోసం నీళ్ల బ్యాగు వదిలేయడం మాత్రం వద్దు. చెమట రూపంలో ఒంటి బరువులో 2 శాతం పోయిందంటేనే పనితీరు పడిపోతుంది. రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఎప్పుడూ దగ్గరుండాలి.

స్పితి, లద్దాఖ్ ప్లాన్ చేస్తున్నవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. లద్దాఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ తగ్గుతుంది, మనకూ తగ్గుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోల్‌ను సర్దుకుంటుంది కానీ గాలిని పుట్టించలేదు. అందుకే ఇక్కడ 5 శాతమే అనిపించిన లాభానికి అక్కడ విలువ ఎక్కువ. కానీ ఒకటి గట్టిగా చెబుతాను. బరువు తగ్గినంత మాత్రాన హై ఆల్టిట్యూడ్ జబ్బు రాదని అనుకోకండి. సన్నగా, చురుగ్గా ఉన్న కుర్రాళ్లకు కూడా వస్తుంది. మెల్లగా ఎత్తుకు అలవాటుపడటం తప్ప దానికి దగ్గరి దారి లేదు.

ఇందాక బయట ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, తేలికైన బండికి మారనా, నేనే బరువు తగ్గనా?" అని. తమ్ముడూ, డబ్బులుంటే రెండూ చెయ్. కానీ ముందు నువ్వు తగ్గు. తేలికైన బండి కొంటే ఆ బండి మీద మాత్రమే లాభం. నువ్వు తగ్గితే ఏ బండి ఎక్కినా లాభం నీతోనే వస్తుంది. తగ్గాక నీకు ఏ బండి కావాలో కూడా మారిపోవచ్చు, బరువనుకున్న బండే సరిపోవచ్చు.

ఎలా తగ్గాలన్నది ఇప్పుడు. ఇందులో నేను డాక్టర్‌ను కాను, కాబట్టి అందరూ ఒప్పుకునే విషయాలే చెబుతాను. ఆఫ్‌రోడ్ నడుపుతున్నాం కదా, బరువు అదే తగ్గుతుందని ఆశపడొద్దు. ఆదివారం రైడ్‌లో హైవే మీద కూర్చుని పోయే సమయమే ఎక్కువ, నిజంగా నిలబడి కష్టపడేది గంట, గంటన్నర. ఆ తర్వాత పూరీలు, దోసెలు, రెండు చాయ్‌లు, మధ్యాహ్నం బిర్యానీ. ఖర్చయినదానికంటే ఎక్కువే లోపలికి పోతుంది. ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. రోజుకు 500 కేలరీలు తగ్గించుకుంటే వారానికి సుమారు అరకిలో తగ్గుతుంది. వారానికి అరకిలో నుంచి కిలో, అంతకంటే తొందర వద్దు. పదిహేను కిలోలకు నాకు ఏడాదికి పైనే పట్టింది.

మన తిండిలో అసలు చిక్కు అన్నం కాదు, అన్నం ఎంత అన్నది. తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్లు 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు మొత్తంలో 45 శాతం మించొద్దన్నారు. మనలో చాలామంది పళ్లెంలో ముప్పాతిక భాగం అన్నమే. జొన్నరొట్టెకు మారినా, రాగి సంగటికి మారినా అదీ ధాన్యమే, పరిమాణం చూసుకోవాల్సిందే. కూర పెంచండి, పప్పు గట్టిగా వండుకోండి, గుడ్లు, చేపలు, చికెన్, పెరుగు ఉండనివ్వండి. పొద్దున ఇడ్లీ బదులు పెసరట్టు తినండి, నూనె తగ్గించి. ప్రోటీన్ మీద ఇంత పట్టు ఎందుకంటే, తిండి ఒక్కసారిగా కోసేస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. తొడల్లో కండ పోగొట్టుకుని బరువు తగ్గిన రైడర్ ఫుట్‌పెగ్‌ల మీద ముందుకంటే తొందరగా అలిసిపోతాడు. మొదట చెప్పిన 19 శాతం లెక్క పోయింది కొవ్వయితేనే నిజం. వ్యాయామం చేస్తూ బరువు తగ్గేవాళ్లకు ఒంటి బరువులో కిలోకు 1.2 గ్రాములు లేదా అంతకు కొంచెం పైన ప్రోటీన్ కావాలి. 80 కిలోల మనిషికి రోజుకు 96 గ్రాములు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడక్కుండా పెంచొద్దు.

షుగర్‌కు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇంకో జాగ్రత్త. తిండి తగ్గి, బరువు తగ్గుతుంటే పాత డోసు ఎక్కువై రైడ్ మధ్యలో షుగర్ పడిపోవచ్చు. బండి మీద కళ్లు తిరగడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. బీపీ మందులవాళ్లూ అంతే. రైడ్ రోజు ఉపవాసం ఎవరికీ వద్దు.

కండ నిలవాలంటే వారానికి రెండు మూడుసార్లు బరువులతో స్క్వాట్లు, వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి లేచే డెడ్‌లిఫ్ట్, ప్లాంక్ చేయండి. మిగతా రోజుల్లో సైకిల్ తొక్కండి, మెట్లు ఎక్కండి. రైడర్‌కు మెట్లు ఎక్కడం కంటే మంచి వ్యాయామం దొరకదనిపిస్తుంది నాకు. తొడలు, పిరుదులు, దమ్ము, మూడూ ఒకేసారి పనిచేస్తాయి. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. మొక్కు కోసం ఎక్కేవాళ్లు ఎక్కుతారు, మనం మొక్కుతోపాటు శిక్షణగా కూడా ఎక్కుదాం. ఏడాదికోసారి అదే దారిలో ఎక్కితే, ఎక్కడ ఆగాల్సొచ్చింది, మోకాళ్ల పర్వతం దగ్గర దమ్ము ఎలా ఉంది అన్నది ఏ వేయింగ్ మెషీన్ కంటే నిజంగా చెబుతుంది.

ఇక్కడ సన్నగా ఉన్నవాళ్లకూ, భారీగా ఉండి అద్భుతంగా నడిపేవాళ్లకూ ఒక మాట. సన్నగా ఉండి దమ్ము లేనివాళ్లకు బరువు తగ్గడం పనికిరాదు, వాళ్లు కండ పెంచుకోవాలి. 100 కిలోలు దాటి కూడా మనందరికంటే బాగా నడిపేవాళ్లు నాకు తెలుసు, వాళ్ల దగ్గర దశాబ్దాల నేర్పు ఉంది. గ్రూపులో ఎవరి ఒంటి గురించీ వెక్కిరింపు వద్దు. ఆడపిల్లలు కొత్తగా వస్తున్నారు, వాళ్ల ముందు అలాంటి మాటలు అసలే వద్దు. ఒక్క వెక్కిరింపుతో బండి వదిలేసిన మనుషులున్నారు.

బరువు తగ్గాక గేర్ మళ్లీ సరిచూసుకోవాలి, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. ముఖం సన్నబడితే హెల్మెట్ వదులవుతుంది. స్ట్రాప్ బిగించి, వెనక నుంచి పైకెత్తి చూడండి, ముందుకు జారిపోతుంటే చీక్ ప్యాడ్లు (చెంపల దగ్గరి మెత్తలు) మార్చాలి, లేదా హెల్మెట్టే మార్చాలి. తొడ సన్నబడితే మోకాలి గార్డు తిరిగిపోతుంది. జాకెట్ వదులైతే మోచేతి ప్యాడ్ పడ్డప్పుడు మోచేతి మీద ఉండదు, పక్కకు జరిగిపోతుంది. కొత్త గేర్‌కు డబ్బు పెట్టండి. ఇంకో పక్క, తేలిక కోసం బూట్లు వదిలేసి షూస్‌తో వచ్చేవాళ్లు ఉన్నారు. జత నాలుగు కిలోల దాకా ఉండే ఆ బూట్లే మీ చీలమండను కాపాడేది. బరువు ఒంట్లోంచి తీయండి, రక్షణలోంచి కాదు.

చివరగా సస్పెన్షన్. 95 కిలోల మనిషి కింద వెనక స్ప్రింగ్ ఎక్కువ కుంగుతుంది. వెనక కుంగితే ముందు తేలికవుతుంది, మలుపులో ముందు టైరు నేలను పట్టదు, బండి మలుపు బయటికి జారిపోతుంది, కింద రాళ్లకు స్కిడ్ ప్లేట్ (ఇంజిన్ కింది రక్షణ రేకు) తగులుతుంది. అందుకని బరువున్నవాళ్లు ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందుగానే నొక్కి ఉంచే బిగింపు) బాగా బిగించుకుంటారు. బరువు తగ్గాక కూడా అదే సెట్టింగ్‌తో నడిపితే వెనక భాగం ఎత్తుగా నిలబడి, ప్రతి రాయికీ తన్నుతుంది. అప్పుడు బరువు తగ్గితే బండి పాడైందనిపిస్తుంది, ప్రీలోడ్ వదులు చేస్తే సరిపోయేదానికి. గుర్తుంచుకోండి, ప్రీలోడ్ స్ప్రింగ్ గట్టిదనాన్ని మార్చదు, బండి ఎంత ఎత్తులో నిలబడాలో మారుస్తుంది అంతే.

కొలత ఇలా. వెనక చక్రం గాలిలో ఉన్నప్పుడు ఇరుసు నుంచి నిట్టనిలువుగా పైన ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత రైడర్ పూర్తి గేర్‌తో, నీళ్ల బ్యాగుతో సహా ఎక్కాక అదే కొలవండి. ఆ తేడానే రైడర్ సాగ్. అది మొత్తం ట్రావెల్‌లో, అంటే చక్రం పైకీ కిందికీ కదలగల దూరంలో, సుమారు 30 శాతం ఉండాలి. హిమాలయన్ 450 వెనక ట్రావెల్ 200 మిల్లీమీటర్లు కాబట్టి 60 దగ్గర. రైడర్ లేకుండా బండి తన బరువుకే ఎంత కుంగుతోందో కూడా రాసుకోండి. రైడర్ సాగ్ సరిగ్గా ఉండి, బండి తనంతట తాను అసలు కుంగకపోతే స్ప్రింగ్ మీకు మెత్తనిది. బండి తన బరువుకే బాగా కుంగిపోతుంటే స్ప్రింగ్ మీకు గట్టిది. బరువు బాగా తగ్గినవాళ్లకు ఎక్కువగా ఈ రెండోది ఎదురవుతుంది, ముఖ్యంగా ఇంతకుముందు బయటి నుంచి గట్టి స్ప్రింగ్ వేయించుకున్నవాళ్లకు.

టేపు, ఇంజిన్ కింద పెట్టి బండిని పైకి లేపే స్టాండ్, ప్రీలోడ్ తిప్పే సీ-స్పానర్ తెచ్చాను. బండి మీద వచ్చినవాళ్లు బయటికి రండి, గేర్ తీయకుండా రండి. ఒక్కొక్కరి సాగ్ కొలుద్దాం. ఇద్దరు బండి పట్టుకోవాలి, ఒకరు అంకెలు రాయాలి. ఎక్స్‌పల్స్‌వాళ్లు ముందు రండి.